సైదమ్మ అరికాళ్లు

పొద్దున లేవగానే అందరూ ముఖం కడుక్కుంటారు. సైదమ్మ ముందు కాళ్లు చూసుకుంటుంది. మంచం మీదే కూర్చొని, ఎడమ కాలు ఎత్తి కుడి మోకాలి మీద వేసుకొని, తలుపు సందులోంచి వచ్చే వెలుగుకు అరికాలు తిప్పి చూస్తుంది. తర్వాత రెండో కాలు. కొత్త బొబ్బ కనిపిస్తే "హమ్మయ్య" అనుకొని, అప్పుడు లేచి పొయ్యి దగ్గరికి పోతుంది.

బొబ్బలు చూసి సంతోషపడే మనిషి ఎక్కడన్నా ఉంటుందా అంటారేమో. ఉంటుంది. ఎందుకంటే ఆ బొబ్బలు ఆమెవి కావు, ఆమె మొగుడు మట్టయ్యవి. మట్టయ్య ఇల్లు విడిచి ఇరవై నెలలుగా నడుస్తూనే ఉన్నాడు. నడిచేది ఆయన, బొబ్బలు లేచేది మాత్రం మిర్యాలగూడలో, రైలు పట్టాల అవతలి కాలనీలో, సైదమ్మ కాళ్లకు. బొబ్బ వచ్చిందంటే మనిషి బతికున్నట్టే. కాలనీలో దీని గురించి ఎవరూ నోరెళ్లబెట్టలేదు. కొందరికి వాన వచ్చే ముందు కీళ్లు నొస్తాయి, కొందరికి ఎవరన్నా తలుచుకుంటే ఎక్కిళ్లు వస్తాయి, సైదమ్మకు మొగుడి బొబ్బలు వస్తాయి. అంతకు మించి అందులో మాట్లాడుకోవడానికి ఏముంది?

ఆమె పని ఊరి చివర ఒక చిన్న రైస్ మిల్లులో. పెద్ద మిల్లుల వాళ్లంతా వడ్లు ఆరబెట్టే మిషన్లు పెట్టుకున్నారు గానీ, ఈ మిల్లు ఓనరు ముసలాయన ఎండ ఉండగా కరెంటు ఎందుకని ఇంకా కల్లం మీదే ఆరబెట్టిస్తాడు. ఉడికిన వడ్లను పొగలు కక్కుతుండగానే సిమెంటు కల్లం మీద పరుస్తారు. ఆడవాళ్లు వరుసగా నిలబడి, కాళ్లు ఈడుస్తూ, కాళ్లతోనే సాళ్లు తీస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. పైన వడ్లు కిందికి, కింద వడ్లు పైకి. చెప్పులు వేసుకుంటే సుఖమే. కానీ తినే గింజ మీద చెప్పు కాలు ఎవరు పెడతారు? ముసలాయన వద్దని చెప్పే పని లేదు, వీళ్లే పెట్టరు. పదేళ్లుగా ఆ పని చేసి చేసి సైదమ్మ అరికాళ్లు చెక్కలా గట్టిపడ్డాయి. ఉడుకు వడ్లకు ఆ కాళ్లు బొబ్బలెక్కడం ఎప్పుడో మానేశాయి. అందుకే కొత్తది ఏది లేచినా అది మట్టయ్యదేనని అనుమానం లేకుండా తెలిసిపోయేది.

"ఏడున్నడే అక్కా ఇయ్యాల?"

కల్లం మీదికి రాగానే ద్వాళి అడిగే మొదటి మాట అదే. ద్వాళి పక్క తండా మనిషి, నోటికి అడ్డూ అదుపూ లేదు, మనసు మాత్రం వెన్న. సైదమ్మ గోడ పట్టుకొని కాలు ఎత్తేది. ఆడవాళ్లంతా పేపరు చదివినట్టు మూగేవాళ్లు.

"మడిమె మీద గుండ్రంగ లేసింది సూడు. తారు రోడ్డు ఎక్కిండు. సూర్యాపేట దిక్కే."

"వేళ్ల నడుమ తెల్లగ నానిపోయిందే. తారు రోడ్డు కాదు పాడు కాదు. కాల్వ కట్ట మీద తడిలో నడిసిండు. హాలియా కాడ ఉంటడు."

"గోరు సందుల తెల్ల దుమ్ము గానొస్తలేదా నీకు? మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల రోడ్డే అది!"

వాదించుకొని వాదించుకొని ఏదో ఒక ఊరు ఖాయం చేసి, అప్పుడు వడ్లలోకి దిగేవాళ్లు. మట్టయ్య ఎక్కడున్నాడో తేలనిదే ఆ మిల్లులో పని మొదలయ్యేది కాదు.

బొబ్బలను ఎట్లా చూసుకోవాలో సైదమ్మకు నేర్పింది గ్రేస్. కాలనీలో ఆశా కార్యకర్త. మొదటి బొబ్బలు లేచినప్పుడు సైదమ్మ వాటిని ముట్టుకోవడానికే వణికింది. గ్రేస్ మంచం కింద కూర్చొని ఆమె కాలు ఒళ్లో పెట్టుకుంది.

"సూదితోని పొడవకు అక్కా, ఎవరు చెప్పినా పొడవకు. పైనున్న తోలే దానికి కట్టు. ఆ తోలు పోతే లోపలికి మురికి పోతది."

ఆ మాటకు సైదమ్మ తల తిప్పుకొని గోడ వైపు చూసింది. గ్రేస్ గమనించలేదు.

"సబ్బు నీళ్లతోని మెల్లగ కడుగు. రుద్దకు, గుడ్డతోని అద్దు. ఉతికిన గుడ్డ మడతేసి నడుమ బొక్క చేయి, గారె లెక్క. పొక్కు ఆ బొక్కల కూసోవాలె, అడుగేస్తే బరువు దాని మీద పడొద్దు. దానంతట అదే పగిలితే తోలు పీకకు. కడిగి, వాజిలిన్ రాసి కట్టు. సుట్టూ ఎర్రగ పాకినా, సీము పట్టినా, జొరమొచ్చినా ఆగకు, నాకు ఫోన్ చెయ్యి."

"అసలు రాకుంట ఏం చెయ్యాలె?"

"నడిసే ముందల మడిమెలకు కొబ్బరినూనెనో వాజిలినో రాయి. సాక్సు ఏసుకో, తడిస్తే మార్చు. ఆఁ, చెప్పులు కొనేదుంటే సాయంత్రం కొనాలె. పగలంతా తిరిగినంక పాదం ఉబ్బి ఉంటది. పొద్దుగాల కొంటే అవి సాయంత్రానికి కరుస్తయి."

సాక్సు దగ్గర మిల్లులో పెద్ద పంచాయితీ అయింది. సాక్సు వేసుకొని వడ్లు తొక్కొచ్చా లేదా? అది కాలికి వేసుకునేదే కదా అని ఒకరు, తోలు కాదు కదా, బట్టే కదా అని ఒకరు. చివరికి ముసలాయన భార్య వచ్చి, బట్టకు దోషం లేదని తేల్చింది. ఆ తర్వాత మిల్లు ఆడవాళ్లంతా రంగురంగుల మగ సాక్సులు వేసుకొని చీరలు ఎగ్గట్టి కల్లం మీద తిరుగుతుంటే చూసి నవ్వని లారీ డ్రైవరు లేడు.

సైదమ్మ రోజూ కడిగింది, అద్దింది, రాసింది, కట్టింది. తన నీలి పూల చీర ఒకటి చింపి ఉడకబెట్టి ఆరేసి, గారెల్లాంటి మెత్తలు కుట్టిపెట్టుకుంది. ఇంట్లో ఇంకొకరు లేరు. వంట ఎవరికి చేయాలి? ఆ బొబ్బలే ఆమెకు సంసారం.

మట్టయ్య ఎందుకు నడుస్తున్నాడో కాలనీ అంతటికీ తెలుసు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, అఖిల. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టింది. మట్టయ్య అదే మిల్లులో హమాలీ. క్వింటాలు బస్తా వీపున వేసుకొని చెక్క మీద నడిచి లారీ ఎక్కించే మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి బిడ్డను అదే వీపున ఎక్కించుకొని కాలనీ అంతా తిరిగేవాడు. కూతురంటే ప్రాణం ఆయనకు. అఖిల నాలుగో తరగతిలో ఉండగా బడిలో ఆగస్టు పదిహేను పరేడ్‌కు ఎంపికైంది. నల్ల బూట్లు కావాలంది. మట్టయ్య బియ్యం లోడుతో సూర్యాపేట పోతూ అక్కడ కొనుక్కొస్తానన్నాడు. పిల్లను వెంట తీసుకుపోనక్కర్లేదు. చీపురు పుల్ల తెచ్చి పాదం పక్కన పెట్టి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలిచి విరిచి జేబులో వేసుకుంటే చాలు. కూలి చేసుకునే వాళ్లు పిల్లలకు చెప్పులు కొనేది అట్లాగే. కొట్టువాడు ఆ పుల్లను బూటులో పెట్టి చూసి ఇస్తాడు.

మట్టయ్య లారీలో బస్తాల మీద బోర్లా పడుకొని పోయాడు. జేబులో పుల్ల విరిగింది. విరిగిందని ఆయనకు తెలియదు. గోరంత ముక్క జేబు మూలలో ఉండిపోయింది, మిగిలిన పుల్లను కొట్టువాడికి ఇచ్చాడు. బూట్లు తళతళలాడుతూ వచ్చాయి. గోరంత తక్కువ.

బూట్లు కరిచాయి. మడమకు బొబ్బ లేచింది, వానల్లో తడిసిన సాక్సులో నానింది, పగిలింది, చీము పట్టింది. జ్వరం వచ్చేదాకా మట్టయ్యకు తెలియలేదు. తెలిసిన గంటలో బిడ్డను భుజాన వేసుకొని దవాఖానకు ఉరికాడు. వాళ్లు చేసేదంతా చేశారు. విషం రక్తానికి ఎక్కింది, ఆలస్యమైంది అన్నారు. పరేడ్‌కు రెండు రోజుల ముందు అఖిల పోయింది.

పదకొండో రోజు, చుట్టాలు అన్నాలు తింటుండగా, మట్టయ్య బీడీ కోసం జేబులో చేయి పెట్టాడు. సూర్యాపేట పోయిన నాటి చొక్కానే అది. వేళ్లకు పుల్ల ముక్క తగిలింది. తీసి అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు.  లేచి, కాలికి చెప్పులు కూడా లేకుండా, రైలు గేటు దాటి నడిచాడు. అంతే, మళ్లీ ఇంటికి రాలేదు.

కాలనీకి తెలిసింది ఇంతే. సైదమ్మకు తెలిసింది ఇంకొంచెం ఉంది.

బూట్లు కరుస్తున్నాయని అఖిల మొదటి రోజే తల్లికి చెప్పింది. సైదమ్మ దూది పెట్టి తొడిగి, "మీ నాయనకు చెప్పకు బిడ్డా. ఎంత ముద్దుగ తెచ్చిండు! నొచ్చుకుంటడు. రెండొద్దులైతే అవే సాగుతయి" అంది. మార్చుకొద్దామంటే సూర్యాపేట దాకా పోవాలి. నాలుగో రోజు పొద్దున, మట్టయ్య బయట వేపపుల్లతో పళ్లు తోముకుంటుంటే, లోపల తన గాజుకున్న పిన్నీసు తీసి బొబ్బను పొడిచింది. నీళ్లు పోతే తగ్గుతుందని తన తల్లి చేసేది, తానూ చేసింది. పసుపు అద్ది మళ్లీ అదే బూటు తొడిగి బడికి పంపింది.

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఒక్కడే, ఆ మనిషి నిలబడితే కదా చెప్పడానికి. తప్పంతా తన పుల్లదేనని ఆయన నడుస్తున్నాడు. తప్పు నాది కూడా అని చెబితే ఆయన ఆగుతాడేమో. ఆగి, తన ముఖం మీద ఉమ్మేసి మళ్లీ పోతాడేమో కూడా. రెండూ తలుచుకొని సైదమ్మ రోజూ ఏడ్చేది. అఖిల బూట్లు పేపరులో చుట్టి మంచం కింద పెట్టింది. వాటిని ఒక్కసారీ విప్పలేదు.

ఏప్రిల్‌లో యాసంగి వడ్లు కల్లానికి రావడం మొదలైన రోజుల్లో, ద్వాళి మొగుడు బిచ్చా సిమెంటు లారీ ఆపి పరుగున మిల్లులోకి వచ్చాడు.

"అక్కా, బావ కలిసిండు! కోదాడ బస్టాండు కాడ."

సైదమ్మ సాళ్ల మధ్యలో నిలబడిపోయింది.

"మంచిగున్నడా? తిన్నడా?"

"చాయ్ తాపిన, రెండు ఇడ్లీలు తినిపిచ్చిన. లారీ ఎక్కమంటే ఎక్కిండు, గడియసేపు కూసోలే అక్కా. కాళ్లు గుంజుతున్నయని దిగి నడిసిండు. ఎంత బతిమాలినా ఇనలే." బిచ్చా గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్పాలె నీకు. ఆయన కాళ్లకు కట్లున్నయి. నీలి పూల గుడ్డ. గారె లెక్క కుట్టిన మెత్తలు. నీ ముడే అది. ఎవరు కట్టిన్రు బావా అంటే, ఏమో బిచ్చా, పొద్దున లేసేటాల్లకు ఉంటున్నయి అన్నడు. కాళ్లు కొబ్బరినూనె వాసనొస్తున్నయి."

సైదమ్మ వడ్లలోనే కూలబడి ఏడ్చింది. సంతోషం ఆగక ఏడ్చింది. ఇన్నాళ్లూ తాను కడిగింది తన కాళ్లే అనుకుంది. కాదు, మొగుడి కాళ్లు! కట్టు అక్కడికి చేరుతోంది, నూనె చేరుతోంది. ఆ రోజు ఆమె ఇంకో నాలుగు మెత్తలు కుట్టింది. ఇంకాస్త దళసరిగా, ఇంకాస్త మెత్తగా.

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం షెడ్డు నీడలో సద్దులు విప్పుకున్నప్పుడు ద్వాళి అంది:

"అక్కా, ఒక మాటంట, ఏమనుకోవు గద."

"ఏందే?"

"పొక్కు మీద అడుగేస్తే ఎంతటోడైనా కూలబడాల్సిందే. ఆయనెందుకు కూలబడుతలేడు? నువ్వు మందు రాస్తవు, మెత్తలు కడతవు. ఆయనకు నొప్పే తెలుస్తలేదు. ఆయన నడుస్తలేడక్కా. నువ్వే నడిపిస్తున్నవ్."

"నోరు మూయ్!" అని అరిచింది సైదమ్మ. అన్నం ముద్ద గిన్నెలో పడేసింది. ఆ పూట ద్వాళితో మాట్లాడలేదు. కానీ మాట లోపలికి దిగింది కదా, ఇక అది ఊరుకుంటుందా? నిజమే. హాలియా నుంచి సూర్యాపేట, సూర్యాపేట నుంచి కోదాడ. తాను ఎంత బాగా చూసుకుంటే ఆయన అంత దూరం పోయాడు.

రెండు రోజులు మనసు ఒప్పక కట్టు కట్టింది. మూడో రోజు నూనె సీసా, వాజిలిన్ డబ్బా, మెత్తలు అన్నీ ఒక సంచిలో వేసి అటక మీదికి విసిరింది. సాక్సులు విప్పేసింది. కుడికాలి చిటికెన వేలి పక్కన ఆ పొద్దున లేచిన బొబ్బతో, ఉత్త కాళ్లతో ఉడుకు వడ్లలోకి దిగింది.

మొదటి సాలుకే బొబ్బ పగిలింది. నిప్పు తొక్కినట్టయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కాలు ఈడ్చింది. అడుగు వేసినప్పుడల్లా లోపల ఒకటే మాట: కూసో అయ్యా. కూసో. తిట్టుకో నన్ను, కానీ కూసో. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు అదే మాట.

నాలుగో రోజుకు కాలు ఉబ్బింది. పాదం మీద ఎర్రటి గీత చీలమండ దాకా పాకింది. ఒళ్లు కాలిపోతోంది. గ్రేస్ వచ్చి కాలు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేందక్కా! ఏం చెప్పిన నీకు? సూసుకొని సూసుకొని ఇప్పుడు గిట్లెందుకు చేసినవ్?"

"ఆయన కూసున్నడు గ్రేసమ్మా," అంది సైదమ్మ, జ్వరంలో పళ్లు టకటకలాడుతుంటే. "రెండొద్దుల సంది కొత్త పొక్కు లేదు. కూసున్నడు. గోరు సందుల సూడు, తెల్ల దుమ్ము. మేళ్లచెరువుల ఉన్నడు."

గ్రేస్ గాయం కడిగి, కట్టు కట్టి, మాత్ర మింగించి, బిచ్చాకు ఫోన్ చేసింది. "అన్నా, ఇప్పుడే తీస్కపో. పొద్దుగూకే లోపల ఇద్దర్ని దవాఖానల సూడాలె నేను. లేకపోతే నీ లారీకి అడ్డం పడుకుంట."

మేళ్లచెరువు రోడ్డు పక్కన చెట్లు, కొట్లు, కుక్కలు అన్నీ తెల్లగానే ఉన్నాయి. బస్సు ఆగే రేకుల షెడ్డులో, సిమెంటు బల్ల కింద, గోడకు ఆనుకొని ఒక మనిషి పడున్నాడు. పక్కన టీ కొట్టామె చెప్పింది, "రెండు రోజుల్నుంచి ఇక్కడే పడున్నాడమ్మా. ఏం పెట్టినా తినట్లేదు. మీవాళ్లా?"

సైదమ్మ లారీ దిగి కుంటుకుంటూ పోయింది. గడ్డం పెరిగి, ఎముకలు తేలి, మిల్లు హమాలీ మట్టయ్యలో సగం కూడా మిగల్లేదు. కుడికాలు కుండలా ఉబ్బింది. పాదానికి కొత్త కట్టుంది, పొద్దున గ్రేస్ కట్టిందే. ఆయన మొదట ఆమె ముఖం చూడలేదు. ఆమె కాలు చూశాడు. అదే కట్టు, అదే చోట.

"నువ్వా, ఇన్నొద్దులు కట్టింది?"

"నేనే."

"మరెందుకు ఆపినవ్?"

"నువ్వు ఆగాలని."

ఆయన నడుముకున్న బట్ట మూట విప్పి, బీడీ కాగితంలో చుట్టిన గోరంత పుల్ల ముక్క తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది నా జేబుల ఉండె సైదా. నా జేబులనే ఉండె. ఒక్కసారి చెయ్యి పెడితే దొరుకుతుండె."

సైదమ్మ ఆ ముక్కను ముట్టుకోలేదు. ఆయన కాలు పక్కన నేల మీద కూర్చుంది. ఇన్నాళ్లు నోట్లో తిరిగిన మాటలే, కానీ బయటికి రావడానికి ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

"బూట్లు కరుస్తున్నయని పిల్ల నాకు చెప్పింది. మొదటి రోజే. నీకు చెప్పొద్దన్న. నొచ్చుకుంటవని. నాలుగో రోజు పిన్నీసుతోని పొక్కు పొడిసిన. నేనే. పొడిసి, మల్ల బూటు తొడిగి పంపిన. తప్పు నీ పుల్ల ఒక్కదానిదే కాదయ్యా. పుల్ల బూటును చిన్నగ చేసింది. పిల్లను నేనే..."

 షెడ్డు ముందు నుంచి ఒక లారీ పోయింది, దుమ్ము లేచి ఇద్దరి మీదా పడింది.

"ఏడ్సిందా?" అన్నాడు మట్టయ్య.

"ఆఁ?"

"పిన్నీసు గుచ్చినప్పుడు. పిల్ల ఏడ్సిందా?"

అబద్ధం ఆడొచ్చు. ఏడవలేదని అంటే పోయేది. కానీ ఆమె అబద్ధం ఆడడానికి అంత దూరం రాలేదు.

"ఏడ్సింది. నోరు మూసిన. నువ్వు బయట పండ్లు తోముతున్నవ్, ఇనబడుతదని."

మట్టయ్య చెయ్యెత్తాడు. సైదమ్మ కళ్లు మూసుకుంది. కొడితే బాగుండునని నిజంగా అనుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే, ఆయన ఆ చేత్తోనే తన నోరు గట్టిగా మూసుకొని, ఒళ్లంతా ఊగిపోతూ ఏడుస్తున్నాడు. బిడ్డ పోయిన నాడు కూడా ఏడవని మనిషి. సైదమ్మ ఆయన తలను ఒళ్లోకి లాక్కుంది. టీ కొట్టామె పొయ్యి తగ్గించి, కొంగుతో ముఖం తుడుచుకొని అటు తిరిగింది. గడియసేపు దాటింది. రెండు గడియలు దాటాయి. మట్టయ్య లేవలేదు.

గ్రేస్ అన్నట్టే పొద్దుగూకే లోపల ఇద్దరూ మిర్యాలగూడ దవాఖానలో ఉన్నారు. సైదమ్మ కాలు మందులకు లొంగింది. మట్టయ్య కాలు లొంగలేదు. కుడికాలి చివరి రెండు వేళ్లు తీసేశారు. ఇంకో రెండు రోజులు ఆగితే పాదమే పోయేదన్నారు. ఇక బస్తా ఎత్తలేడు, దూరం నడవలేడు. వేళ్లు తీసిన రోజు నుంచి సైదమ్మకు అవే రెండు వేళ్లలో స్పర్శ లేదు. చిటికెన వేలిని గిచ్చినా తెలియదు. తెలిసేది ఒక్కటే, మొగుణ్ని కుంటివాణ్ని చేసి ఇంటికి తెచ్చుకున్నానని. 

ఇంటికి వచ్చాక మట్టయ్య నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెట్టింది తినేవాడు, గడప మీద కూర్చునేవాడు. సైదమ్మ రోజూ ఆయన కాలు కడిగి, అద్ది, కట్టేది. ఇప్పుడు నిజంగా ఆయన కాలే. తన కాళ్లకు ఒక్క బొబ్బ రాలేదు.

జూన్‌లో బళ్లు తెరిచారు. పిల్లలు కొత్త బూట్లతో టకటకమని గడప ముందు నుంచి పోతుంటే మట్టయ్య ఒక్కొక్కరి కాళ్లే చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం సైదమ్మ మిల్లు నుంచి రాగానే, చీపురు నుంచి ఒక పుల్ల లాగాడు.

"కాలు పెట్టు," అన్నాడు. నెల రోజుల్లో అదే మొదటి మాట.

ఆమె గడప మీద కాలు పెట్టింది. మడమ నుంచి బొటనవేలి కొస దాకా పుల్ల పెట్టి, కొస దాటి రెండు వేళ్ల వెడల్పు వదిలి విరిచాడు. జేబులో వేసుకోలేదు. ఊదుబత్తి పట్టుకున్నట్టు పిడికిట్లో నిలబెట్టి పట్టుకొని, రెండో చేత్తో కర్ర అందుకొని బయలుదేరాడు.

"నేనొస్త," అంది.

"వద్దు."

సైదమ్మ గడప మీద కూర్చుంది. కాలు ఎత్తి చూసుకుంది. ఏమీ లేదు. రెండో కాలు. ఏమీ లేదు. ఇరవై నెలలు మొగుడు ఏ రోడ్డు మీద ఉన్నాడో ఆమెకు తెలిసేది. ఇప్పుడు ఎటు పోయాడో తెలియదు. బజారుకే పోయాడా? బజారు దాటి హైవే ఎక్కాడా? తాను చేసిందంతా ఇప్పుడు గుర్తొచ్చి, ఇక రానని అనుకున్నాడా? గిన్నెలు తోమలేదు, పొయ్యి వెలిగించలేదు. మాటిమాటికీ అరికాళ్లు చూసుకుంటూ, ఒక్క బొబ్బ, ఒక్కటి రానీ దేవుడా అని మొక్కుకుంటూ కూర్చుంది.

వీధి మలుపులో కర్ర చప్పుడైంది.

మట్టయ్య వచ్చి ఆమె పక్కన కూలబడి చెమట తుడుచుకున్నాడు. సంచిలోంచి కొత్త చెప్పులు తీసి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. పుల్ల ఇంకా పిడికిట్లోనే ఉంది, విరగలేదు.

"సాయంత్రమే కొనాల్నంట గద. గ్రేసమ్మ చెప్పింది."

సైదమ్మ తొడుక్కుంది. వెనక రెండు వేళ్లు సందు.

"పెద్దగైనయయ్యా."

"కానియ్. కరవవు."

 ఆమె చెప్పులు విప్పలేదు. చెప్పులతోనే లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

మర్నాడు పొద్దున చెప్పులు ఈడ్చుకుంటూ మిల్లుకు పోయి, కల్లం అంచున పక్కపక్కనే విడిచింది. ద్వాళి సాక్సులు లాక్కుంటూ, అలవాటు కొద్దీ అనేసింది:

"ఏడున్నడే అక్కా ఇయ్యాల?"

అని నాలుక కరుచుకుంది. ఆడవాళ్లంతా ఆగి చూశారు. సైదమ్మ కూడా అలవాటు కొద్దీ గోడ పట్టుకొని కాలు ఎత్తింది. అరికాలు నున్నగా ఉంది.

"ఇంట్లనే ఉన్నడు," అంది. "నేనొచ్చేటప్పుడు పేపరు ఇప్పి, పిల్ల బూట్లు తుడుస్తున్నడు."

 వడ్లు పొగలు కక్కుతున్నాయి. సైదమ్మ కాలు దింపి, వాటిలోకి అడుగు పెట్టింది.